కొమ్మయ మేడలో గొంతు

ఆషాఢ మేఘాలు మందలు మందలుగా దిగివచ్చి మేడిగిరి దుర్గపు ఏడు బురుజులను తలలదాకా కప్పివేసి, కొండ దిగువన మైదానంలో రెండు నెలలుగా విడిసి ఉన్న కొండవాటి ప్రభువు భీమరసు దండును కోటవారి కళ్ళకు మరుగుపరచిన రోజులవి. శత్రువు కంటికి ఆనకపోయినా చెవికి మాత్రం ఆనుతూనే ఉన్నాడు. గుడారాల మేకులు దిగగొట్టే సమ్మెటల చప్పుడు, తడిసిన ఏనుగుల ఘీంకారం, ఉండి ఉండి ఒక్కసారిగా మోగి అంతలోనే ఆగిపోయే భేరి, ఇవన్నీ మబ్బులోనుంచి పైకి తేలివస్తూ ఉంటే, కోటలోని అంగళ్ళవారు తూకం మధ్యలో చేయి నిలిపి, బావి దగ్గరి ఆడవారు చేద సగంలో పట్టుకొని, ఎటు చూడాలో తెలియక ఒకరి మొగం ఒకరు చూసుకొనేవారు. గాదెలలో ఇంకా నాలుగు నెలల ధాన్యముంది. నీటికి కొరత లేదు. గోడలు చెక్కు చెదరలేదు. అయినా ఆ దుర్గంలో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు.

అందుకు కారణం గోడల బయట ఉన్న భీమరసు ఒక్కడే కాదు. గోడల లోపల, ఉత్తరపు బురుజు నీడన, మేడిగిరి కోసం ప్రాణాలిచ్చినవారిని పూడ్చిపెట్టిన దిబ్బ ఒకటి ఉంది. ఒక్కొక్కరి పేర ఒక్కొక్క వీరగల్లు, ప్రతి రాతిమీదా కత్తి దూసిన మనిషి బొమ్మ. ఆ దిబ్బను ఆనుకొని కప్పు సగం కూలిన రెండంతస్తుల మేడ ఉంది. అది ఒకప్పటి దుర్గరక్షకుడు కొమ్మయ నాయకునిది. ఏడేళ్ళ కింద ఇదే భీమరసు మొదటిసారి కోటను చుట్టుముట్టినప్పుడు, కొమ్మయ తన మేడలోని సొరంగం గుండా పోయి శత్రువుతో కలిసిపోయాడనీ, ఆ అప్రతిష్ఠ భరించలేక అతని భార్య మాచమ వరద ఏటిలో దూకిందనీ, ఆమే దయ్యమై ఆ మేడను పట్టుకొన్నదనీ జనం చెప్పుకొనేవారు. పొద్దు వాలే వేళ ఆ గోడల మధ్యనుంచి "తియ్యకు... తియ్యకు..." అని ఒక ఆడగొంతు ఏడుస్తుంది. దేన్ని తియ్యవద్దంటుందో ఎవరికీ తెలియదు. శుక్రవారం శుక్రవారం జనం భయపడి ఒక కుండెడు అన్నం ఆ గడప దగ్గర పెట్టి వెనుదిరిగి చూడకుండా వచ్చేవారు. మరునాటికి కుండ ఖాళీగా ఉండేది.

ఆ కొమ్మయకు తోడబుట్టిన తమ్ముడు గుండయ నాయకుడు ఇప్పుడు మేడిగిరికి సేనాని. నలభై యేళ్ళవాడు, మితభాషి, బాణం దెబ్బకు ఎడమ చెవి కొస తెగినవాడు. అన్న పోగొట్టిన పరువును తాను చెమటోడ్చి తిరిగి సంపాదించాడని అందరూ మెచ్చుకొనేవారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా అతడు ఏదో పని ఉన్నట్టు అక్కడినుంచి లేచిపోయేవాడు. అతని గుండెలో ఒక సంగతి ముల్లులా ఉండిపోయింది. అన్న కనబడకుండా పోయిన మూడోనాడు, మిట్టమధ్యాహ్నం, కుండపోత వానలో మాచమ వచ్చి అతని వాకిలి బాదింది. "మరిదీ! తలుపు తియ్యి! నేను చెప్పేది విను!" అని గొంతు చిరిగేలా పిలిచింది. ద్రోహి తమ్ముడని తన తల మీద కూడా కత్తి వేలాడుతున్న దినమది. ద్రోహి భార్యతో మాట్లాడినట్టు ఒక్క కన్ను చూసినా తన పని ముగిసినట్టే. గుండయ తలుపు వెనక నిలబడి, ఊపిరి బిగబట్టి, గడియ తియ్యలేదు. ఆమె వెళ్ళిపోయింది. మరునాడు ఏటి ఒడ్డున రెల్లుపొదలో ఆమె చీర చెంగు దొరికింది. ఈ మాట అతడు కట్టుకొన్న భార్యకు కూడా చెప్పలేదు.

ఆ ఉదయం ఉత్తరపు బురుజు కాపరులలో పెద్దవాడైన బయ్యన్న వచ్చి సేనాని ముందు ఈటె కింద పెట్టాడు.

"నాయకా, భీమరసు ఏనుగుకు ఎదురు నిలబడమనండి, నిలబడతాను. ఆ మేడ పక్కన మాత్రం ఇక నావల్ల కాదు. నిన్న పొద్దు గూకేవేళ ఆ గొంతు నా వీపు వెనకనే వినబడింది. మావాళ్ళు ఎనమండుగురు బురుజు దిగి పారిపోయారు. వాళ్ళను పట్టి తెద్దామంటే నా కాళ్ళే ఆడలేదు."

గుండయ అతణ్ణి మందలించలేదు. "ఈటె తీసుకో బయ్యన్నా. సాయంత్రానికి నేను నీ పక్కన ఉంటాను" అని మాత్రం అన్నాడు.

అదే వార్త ఝాము పొద్దెక్కకముందే రాజసభకు చేరింది. కేతభూపాలునికి ఇరవైనాలుగేళ్ళు. తండ్రి పోయినప్పటినుంచి అతణ్ణి వేలుపట్టి నడిపించినవాడు మహామంత్రి విద్దనామాత్యుడు. మంత్రి నిదానంగా లేచి, ఉత్తరీయం సవరించుకొని, సభనంతటినీ ఒకసారి కలయజూసి ఇలా పలికాడు.

"మహాప్రభూ, ఆయుధం పట్టి వచ్చే శత్రువును గుండయ నాయకులవారు నిలువరించగలరు. ఆయుధమంటని శత్రువు మన గోడల లోపలే ఉన్నది. ద్రోహి ఇల్లాలి ఆత్మ శాంతించనిదే మన భటుల గుండె నిలబడదు. రేపు సూర్యాస్తమయ సమయాన ఆ మేడలో నేనే స్వయంగా శాంతి జరిపిస్తాను. నెత్తురు చూసిన ఆయుధం ఆ పరిసరాల ఉండరాదని శాస్త్రం గనుక, ఉత్తరపు బురుజు కాపలాను రేపటికి ఎత్తివేయించండి. నా మనుషులు పన్నెండుగురు నాకు చాలు."

రాజు చేయి మెడలోని రక్షరేకు మీదికి పోయింది. "అలాగే కానీండి, అమాత్యా. సేనానీ, మీకు సమ్మతమే కదా?"

"దేవర ఆజ్ఞ" అన్నాడు గుండయ. ద్రోహి అన్న మాట విన్నప్పుడు సభలో నలుగురు తనవైపు చూడడం అతనికి తెలుసు.

అయితే సభ ముగిసి వస్తుండగా మంత్రి ఇంటి పెరటిలో ఒక దృశ్యం అతని కంటబడింది. పన్నెండుగురు మనుషులు ఒక బండిలోకి సామాను ఎక్కిస్తున్నారు. సమిధలు లేవు, నెయ్యి లేదు, పూలు లేవు. గడ్డపారలు, మోకులు, దుంగలు ఉన్నాయి. గుండయ రెండడుగులు వేసి నిలబడ్డాడు. దయ్యాన్ని శాంతింపజేయడానికి గడ్డపారలెందుకు? ఆ ప్రశ్న అతణ్ణి ఇంటికి పోనివ్వలేదు, అన్నం తిననివ్వలేదు. అటూ ఇటూ తిరిగి తిరిగి చివరకు మూడో ఝామున, సన్నని జల్లులో, వీరగల్లుల నడుమ నడిచి అన్న మేడ గడప ముందు నిలిచాడు. ఏడేళ్ళలో అతడు ఆ వైపు రావడం అదే మొదలు.

లోపల నాచు వాసన, గబ్బిలాల వాసన. కూలిన కప్పు సందులోనుంచి వాన నీరు చావడి మధ్యలో సన్నగా కారుతోంది. అతని చేయి కత్తిపిడి మీద ఉంది.

"వదినా" అన్నాడు. అలా పిలుస్తానని అతడే అనుకోలేదు.

"ఇంకో అడుగు వెయ్యకు. అక్కడ నేల డొల్ల" అన్నది మెట్ల కింది చీకటిలోనుంచి ఒక గొంతు. బొంగురుపోయి ఉన్నా గుర్తుపట్టరాని గొంతు కాదు. ఆ వెనకనే ఒక మనిషి వెలుతురులోకి వచ్చింది. నెరసిన జుట్టు, ఎముకలు తేలిన చేతులు, భటులు పారవేసిన తలపాగలు ముక్కలు ముక్కలుగా కలిపి కుట్టిన చీర. ఆమె కాళ్ళు నేలను తాకుతున్నాయి. వాన తుంపర ఆమె భుజం మీద పడి తడిపింది.

గుండయ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వు... చచ్చిపోలేదా?"

"ఏటి ఒడ్డున చెంగు వదిలింది నేనే. చచ్చిపోయానని అందరూ నమ్మితే నాకు మేలు జరిగింది. దయ్యానికి పెట్టిన కూడు తిని బతికాను. కూర్చో మరిదీ. నిలబడి వినగలిగే మాట కాదు" అని మాచమ ఒక విరిగిన తిన్నె చూపింది.

ఆమె చెప్పింది. "ఏడేళ్ళ కింద విద్దన మంత్రి మీ అన్న దగ్గరికి వచ్చి, సొరంగం తెరిచి భీమరసును రానిస్తే సగం రాజ్యం నీదన్నాడు. మీ అన్న పొమ్మన్నాడు. ఆ పగలే భీమరసు మనుషులు అవతలి లోయలోనుంచి సొరంగంలోకి దిగారు. దారి చెప్పింది మంత్రే. రాజుగారికి కబురు పంపే వ్యవధి లేదు. సొరంగం మూతికి అడ్డంగా దించే రాతి పలక ఉంది చూడు, దాని ఇనుప చీల లోపలివైపు ఉంది. మీ అన్న లోపలికి దూకి చీల లాగాడు. పలక పడింది. ఆయన అవతలే ఉండిపోయాడు. మంత్రి మీ రాజుతో ఏమన్నాడో నీకు తెలుసు. పారిపోతూ తన వెనక పలక దించుకొన్నాడని అన్నాడు. పలక ఎత్తి చూడమంటే, ఎత్తితే శత్రువు వస్తాడన్నాడు. ఎవరు కాదనగలరు?"

"అన్న... వెంటనే..."

"వెంటనే కాదు." మాచమ లోపలి గది వైపు చూసింది. "ఇరుకు దారి గనుక ఒక్కొక్కణ్ణే నరుకుతూ నిలిచాడు. గాయాలతో పలకకు చేరగిలబడ్డాడు. ఆ సందులో చెవి పెడితే ఆయన మాట నాకు వినబడేది. మూడు రోజులు మాట్లాడాడు, గుండయా. పలక ఎత్తడానికి పదిమంది కావాలి. నమ్మకమైన పదిమంది. మంత్రి మనుషులు వస్తే తియ్యకు, తియ్యనివ్వకు, గుండయ వస్తేనే తియ్యి అన్నాడు. నేను వానలో పరుగెత్తి నీ దగ్గరికి వచ్చాను."

గుండయ తిన్నె మీదినుంచి లేచాడు.

"నేను లోపలే ఉన్నాను వదినా" అన్నాడు గుండయ.

"తెలుసు. తలుపు కింది సందులోనుంచి నీ కాళ్ళు కనబడ్డాయి."

అతడు రెండు చేతులతో మొగం కప్పుకొన్నాడు. మాచమ అతణ్ణి ఓదార్చలేదు. "ఏడవడానికి తర్వాత తీరిక దొరుకుతుంది. వచ్చిన పని చెప్పు" అన్నది.

గుండయ గడ్డపారల సంగతి, కాపలా ఎత్తివేసిన సంగతి చెప్పాడు. ఆమె తల పంకించింది. "మూడుసార్లు వాడి మనుషులు వచ్చారు. మూడుసార్లూ మీ అన్న మాటనే గట్టిగా అరిచి తరిమాను. మిగతా పొద్దులూ ఎవరూ ఇటు రాకుండా అదే అరుస్తూ వచ్చాను. బతికున్న ఆడదాని మాట వినని కోట చచ్చినదాని మాట విన్నది. ఈసారి వాడే వస్తున్నాడంటే నా అరుపు చాలదు."

మరునాడు ఉదయం గుండయ నాయకుడు రాజును ఏకాంతంగా కలుసుకొన్నాడు. కత్తి తీసి రాజు పాదాల దగ్గర పెట్టి, జరిగినదంతా, తాను తలుపు తియ్యని సంగతితో సహా, ఒక్క మాట దాచకుండా విన్నవించాడు.

కేతభూపాలుని మొగం పాలిపోయింది. "నన్ను పెంచిన మనిషి మీద నింద వేస్తున్నావు. ద్రోహిగా తేలినవాని తమ్ముడివి. దయ్యం చెప్పిందని నేను నమ్మాలా?"

"నమ్మవద్దు ప్రభూ. చూడండి. ఈ సాయంత్రం ఒక్క గడియ ఆ మేడలో నా పక్కన నిలవండి. అమాత్యులవారు హోమం చేస్తే నా మాట అబద్ధం. అక్కడే నా తల తీయించండి. హోమం చేయకపోతే ఏం చేయాలో దేవరకే తెలుస్తుంది. ఏడేళ్ళ కింద నన్ను వినమన్న మనిషి మాట నేను వినలేదు. ఆ పాపం ఎంత బరువో మోసినవాణ్ణి గనుక మిమ్మల్ని వేడుకొంటున్నాను. మీరు మోయవద్దు."

రాజు కిటికీ దగ్గరికి పోయి మబ్బును చూశాడు. "నాకు భయంగా ఉంది నాయకా" అన్నాడు పసివాడిలాగా.

"నాకూ ఉంది ప్రభూ."

సూర్యుడు మబ్బుల వెనకనే కుంగిపోతున్న వేళకు, బంటు గొంగడి కప్పుకొన్న రాజు, గుండయ కూలిన గోడ చాటున ఉన్నారు. మేడ వెనక వీరగల్లుల నడుమ బయ్యన్న ఇరవైమందితో పొంచి ఉన్నాడు. మాచమ బతికే ఉందని సేనాని చెప్పినా వారిలో సగంమంది కళ్ళు గట్టిగా మూసుకొనే ఉన్నారు. మాచమ మెట్ల మీద ఉంది.

విద్దనామాత్యుడు వచ్చాడు. అగ్నిహోత్రం లేదు, పురోహితుడు లేడు. పన్నెండుగురు దివిటీలతో నేరుగా లోపలి గదిలోకి పోయి, పలక కింద గడ్డపారలు దూర్చి, మోకులు బిగించి లాగసాగారు. వారి నోట కల్లు వాసన గుప్పుమంటోంది. గోడ చాటున రాజు వేళ్ళు గుండయ భుజంలోకి దిగబడ్డాయి. పలక గరగరమని ఒక జానెడు లేచింది, మూరెడు లేచింది. దుంగ ఒకటి అడ్డం పెట్టారు. అప్పుడు అవతలినుంచి, పలకకు ఆనుకొని ఉన్న ఒక అస్థిపంజరం కూలి, పుర్రె, విరిగిన కత్తి పట్టిన చేతి ఎముకలు వారి కాళ్ళ మధ్యకు దొర్లివచ్చాయి.

"తియ్యకు!"

మెట్ల మీదినుంచి మాచమ దిగివచ్చింది. ఆ కేకలో ఏడేళ్ళ దుఃఖముంది. పన్నెండుగురూ మోకులు వదిలి, ఒకరినొకరు తొక్కుకొంటూ బయటికి పరుగెత్తి నేరుగా బయ్యన్న ఈటెల ముందు పడ్డారు. విద్దన ఒక్కడే కదలలేకపోయాడు. నుదుట చెమట కారుతుండగా రెండు చేతులు జోడించాడు.

"మాచమా, నా మీద పగ వద్దు. నీ మగణ్ణి నేను చంపలేదు. నా మాట విని ఉంటే సగం రాజ్యం ఏలేవాడు. తానే చీల లాగి తానే చచ్చాడు. భీమరసు ఈ కోటకు ప్రభువైన మరునాడే నీకు గుడి కట్టిస్తాను. అడ్డు తొలగు తల్లీ!"

"నేను బతికుండగా ఆ గుడికి పునాది ఎలా వేస్తారు, అమాత్యా?"

అంటూ గొంగడిని కింద పడవేసి రాజు వెలుతురులోకి వచ్చాడు. రాజు కళ్ళలో నీళ్ళున్నాయి గాని కత్తి పట్టిన చేయి నిలకడగా ఉంది.

అంతలో పలక అవతలి చీకటిలో ఎర్రని వెలుగులు కదిలాయి. భీమరసు మనుషులు చెప్పిన వేళకే వచ్చారు. ఒకడు అప్పుడే పలక కిందినుంచి తల దూర్చాడు. గుండయ వాణ్ణి నరికి, ఆగకుండా ఆ కంతలోనుంచి తానే అవతలికి దూరాడు. ఇరుకు దారిలో ఇనుము ఇనుమును రాసుకొన్న చప్పుడు, ఆర్తనాదాలు.

"దుంగ కొట్టెయ్యండి! పలక దించండి! నా కోసం చూడకండి!" అని లోపలినుంచి అతని కేక వినబడింది.

తనవారితో లోపలికి పరుగెత్తి వచ్చిన బయ్యన్న గడ్డపార ఎత్తాడు. ఆ చేతిని మాచమ రెండు చేతులతో పట్టుకొన్నది.

"దించకు! ఈ పలక అవతల ఒకణ్ణి వదిలి ఏడేళ్ళు బతికాను. ఇంకొకణ్ణి వదలను. గుండయా, వెనక్కి రా! నేను పిలుస్తున్నాను, రా!"

ఆమె నేలమీద బోర్లా పడుకొని, కంతలోకి భుజం దాకా చేయి చాచింది. ఒక ఈటె ఆమె మోచేతిని చీరుకొంటూ పోయింది. చేయి వెనక్కి తియ్యలేదు. కొంతసేపటికి నెత్తురు జిగటతో ఉన్న వేళ్ళు ఆమె మణికట్టును పట్టుకొన్నాయి. బయ్యన్న, మరో ఇద్దరు, వారితోపాటు కేతభూపాలుడు కూడా పట్టి లాగారు. తొడలో విరిగిన ఈటెతో గుండయ ఇవతల పడ్డాడు. మరుక్షణం దుంగ ఎగిరిపోయి పలక నేలకు గుద్దుకొన్నది. మేడంతా అదిరింది.

సొరంగంలో తన మేటి వీరులను పోగొట్టుకొన్న భీమరసు పదోనాడు, ఏరు పొంగి గుడారాలను ముంచుతుండగా, దండు ఎత్తుకొని వెళ్ళిపోయాడు. విద్దనామాత్యునికి ఏ శిక్ష వెయ్యాలో చెప్పమని రాజు మాచమనే అడిగాడు. "అది దేవర పని. నాకు వేరే పని ఉంది" అన్నదామె. రాజు తన పని తాను చేశాడు. ఆ దినం అతడు అన్నం ముట్టలేదని పరిచారకులు చెప్పుకొన్నారు.

మాచమ పని ఏటి ఒడ్డున ఉంది. కొమ్మయ ఎముకలను కొత్తబట్టలో మూటగట్టి ఆమె మోసింది. కర్ర ఊతతో కుంటుతూ గుండయ వెంట నడిచాడు. తమ్ముడు చేయవలసిన క్రియలన్నీ చేసి, మూట నీటిలో వదిలాక అతడు ఆమె వైపు తిరిగాడు.

"వదినా, నన్ను..."

"అడగకు గుండయా. ఇప్పుడు అడిగితే లేదనవలసి వస్తుంది. ఇంకొన్నాళ్ళు అడగకు." ఆమె తడి చెంగు పిండుకొంటూ నీటివైపే చూసింది. "మీ ఇంటికి వస్తాను. కోపం పోయి కాదు. నీ పిల్లలకు వాళ్ళ పెదనాన్న ఎలాంటివాడో చెప్పేవాళ్ళు ఉండాలి. నీకు తెలిసింది తక్కువ."

"రా వదినా" అన్నాడతడు.

వారు కోట పెద్దవీధిలోకి వచ్చేసరికి వాన వెలిసి ఉంది. వార్త ముందే పాకినట్టుంది, జనం రెండు వైపులా గోడలకు అంటుకొని నిలబడ్డారు. చేతులు జోడించినవారున్నారు గాని ఎదురు వచ్చినవారు లేరు. తల్లులు పిల్లలను చెంగు చాటుకు లాక్కొన్నారు. ఆమె నడిచేకొద్దీ ఆమె ముందు వీధి ఖాళీ అవుతోంది. గుండయ ఏదో అనబోయాడు. మాచమ వద్దని చేయి ఊపి, నడివీధిలో ఆగింది.

గాజులమ్మే ముసలమ్మ ఒకతె, చూపు సరిగా ఆననిది, గోడను వదిలి తడుముకొంటూ వచ్చింది. మాచమ చేయి పట్టుకొన్నది. మణికట్టు నొక్కి చూసింది, మోచేతి కట్టు తడిమింది.

"వెచ్చగా ఉందే!" అన్నది ఆశ్చర్యంగా.

"వెచ్చగానే ఉంటుంది అవ్వా. నేను కొమ్మయ నాయకుని ఇల్లాలిని, మాచమను. బతికే ఉన్నాను."

ముసలమ్మ ఆ చేయి వదల్లేదు. వెనకనుంచి ఇంకొకతె వచ్చింది, తర్వాత మరొకతె. చూస్తుండగానే వీధి వీధంతా ఆమె చుట్టూ మూగింది. మాచమ రెండు చేతులూ చాచి, ఎవరు తాకుతామంటే వారిని తాకనిస్తూ, పొద్దు వాలేదాకా అక్కడే నిలబడింది.